చిన్నమ్మ ఆసుపత్రి ముందరి పూలమడులు

పోయిన నెల కంటి పరీక్షకని మా మనవడు నన్ను కడపలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాడు. వాడు కారు నిలిపే చోటు వెదుక్కుంటూ పోతే, నేను మెట్ల పక్కన సిమెంటు బల్ల మీద చేతికర్ర ఆనించుకుని కూర్చున్నాను. అంతలో ఒక వ్యాను వచ్చి ఆగింది. ఇద్దరు మనుషులు దిగి, మెట్లకు రెండు వైపులా నిండుగా పూసి ఉన్న పూలకుండీలను ఒక్కొక్కటే ఎత్తి వ్యానులోకి చేర్చి, వాటి స్థానంలో అంతే నిండుగా పూసిన వేరే కుండీలను దించారు. పాతవాటికి ఏమైంది నాయనా అని అడిగితే, ఏమీ కాలేదనీ, నెలకొకసారి మార్చాలని కాంట్రాక్టనీ చెప్పి వాళ్ళ పనిలో వాళ్ళు పడ్డారు. ఆ పూలను చూస్తూ ఉంటే నా గుండెలో ఏదో పాత దడ మొదలయింది. దడ అనే అంటున్నాను, ముచ్చట అనడం లేదు. మన ఈడు ఆడవాళ్ళకు పూలమొక్కలంటే పుట్టిల్లో, పెళ్ళి పందిరో గుర్తుకు రావచ్చు. నాకు మాత్రం ఆసుపత్రి గుమ్మం ముందు పూలు కనబడితే, పద్దెనిమిదేళ్ళ వయసులో నేను పడిన భయమే ముందుగా గుర్తుకొస్తుంది.

మా చిన్నమ్మ, అంటే మా అమ్మకు స్వయానా చెల్లెలు, మద్రాసులో వైద్యం చదివింది. మా వైపు పల్లెల్లో ఆడపిల్ల అయిదో తరగతి దాటితేనే గొప్పగా చెప్పుకునే కాలంలో ఆమె ఎట్లా చదివిందో, చదివించినందుకు మా తాత ఎవరెవరి చేత ఎన్ని మాటలు పడ్డాడో అదంతా వేరే కథ. కొన్నాళ్ళు సర్కారు ఉద్యోగం చేసి, సొంతంగా కాన్పుల ఆసుపత్రి పెట్టాలన్న పట్టుదలతో అది వదిలేసి కడపకు వచ్చేసింది. చిన్నాయన అప్పటికే అక్కడ ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు. మాట మెత్తన, చెయ్యి నిదానం. పెన్సిలు చెక్కడం మొదలుపెడితే పక్కనున్నవాళ్ళకు విసుగు పుట్టేది. ఇల్లు చూసుకోవడానికీ, ఆసుపత్రిలో చేదోడుగా ఉండడానికీ ఒక మనిషి కావాలని చిన్నమ్మ కబురు పెడితే, బడి చదువు ముగించి ఖాళీగా ఉన్న నన్ను నాయన కమలాపురం దగ్గరి మా ఊరి నుంచి పంపించాడు. నేను సంతోషంగానే బయలుదేరాను. అంతకు ముందు సంవత్సరమే మా అక్కకు తొలికాన్పు ఇంట్లోనే కష్టమై, బిడ్డ దక్కలేదు. ఆ రోజు గది బయట కూర్చుని చెవులు మూసుకున్నదాన్ని. ఇంకెప్పుడూ అట్లా ఏమీ తెలియకుండా కూర్చోకూడదని మనసులో ఉండేది.

అది కర్నూలు రాజధాని అయిన కొత్త. చిన్నమ్మ అద్దెకు తీసుకున్న ఇల్లు స్టేషను రోడ్డుకు పక్కగా ఒక సందులో ఉండేది. అంతకు ముందు అది వేరుశనక్కాయల గోదాము. పొడుగాటి సాల, ఎత్తున ఎక్కడో చిన్న కిటికీలు, వాటికి లావుపాటి ఇనుప చువ్వలు, ముందర గేటు దాకా నాపరాళ్ళు పరిచిన ఆవరణ. మధ్యాహ్నం వేళ ఆ రాళ్ళ మీద కాలు మోపితే బొబ్బలెక్కేది. కంటికి ఆనేందుకు ఒక్క పచ్చని ఆకు లేదు. మొదటిసారి చూసినప్పుడు జైలు కూడా ఇట్లాగే ఉంటుందేమో అనుకున్నానుగాని, చిన్నమ్మ ముఖం చూసి ఆ మాట అనలేదు.

చిన్నాయన తన చేత్తోనే ఎర్ర రంగుతో పెద్ద పెద్ద అక్షరాల బోర్డు రాశాడు. తెల్ల దుప్పట్లు పరిచిన ఇనుప మంచాలు, గాజుసీసాల అల్మారా, ఉడకబెట్టి ఆరేసిన గుడ్డలు, అన్నీ సిద్ధం చేసుకున్నాం. రావలసింది మనుషులే, వాళ్ళే రాలేదు. పొద్దున్నే నేను దుప్పట్లు దులిపి మళ్ళీ పరిచేదాన్ని. ఎవరూ పడుకోని దుప్పటిని రోజూ దులపడం ఎంత దిగులు పనో చేసినవాళ్ళకే తెలుస్తుంది. చిన్నమ్మ తెల్లకోటు తొడుక్కుని తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు సందులో పోతూ, గేటు దగ్గర కాస్త నిలబడి లోపలికి తొంగిచూసి, కొంగు సర్దుకుని నడక వేగం పెంచేవాళ్ళు. మీకు తెలియనిదేముంది, ఆ రోజుల్లో కాన్పంటే ఇంట్లో జరగవలసిందే. మంత్రసాని ఉంటుంది, ఇంటి పెద్దావిడ ఉంటుంది, ఆ పైన దేవుడున్నాడు. ఆసుపత్రికి తీసుకుపోయారంటే ఆశ వదులుకున్నారని అర్థం.

మొదట వచ్చిన మనిషి కూడా అట్లాగే వచ్చింది. వేంపల్లె దాపుల నుంచి, మంత్రసాని చేతులెత్తేసిన తర్వాత, ఎద్దులబండిలో గడ్డి మీద పడుకోబెట్టి తెచ్చారు. చిన్నమ్మ చేయగలిగినదంతా చేసింది. లోపలి బిడ్డ అప్పటికే లేదు. కాసేపటికి తల్లి కూడా పోయింది. ఆమె భర్త ఎద్దు మెడ మీద చెయ్యి వేసి, నేల చూస్తూ నిలబడ్డాడు. తర్వాత బండి వచ్చిన దారినే పోయింది. సందంతా ఆ బండి పోవడం చూసింది. మరుసటి రోజు కుళాయి దగ్గర నిలబడి ఉంటే, నా వెనుక ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకోవడం చెవిన పడింది.

"ఆ గోదాము ఇంట్లో ఒకామె సచ్చిపాయనంట గదమ్మే."

"ఆ ఇల్లు చూస్తేనే నాకు కాళ్ళు వణుకుతాయి. ఆడికెవురు పోతారు?"

నేను సగం నిండిన బిందె ఎత్తుకుని వచ్చేశాను. ఆ మాట చిన్నమ్మకు చెప్పలేదుగాని, ఆమెకు చెప్పవలసిన అవసరం లేదని తర్వాత తెలిసింది. ఒక మధ్యాహ్నం సాలలోకి పోతే, ఆమె చివరి మంచం మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. చిన్నమ్మ అట్లా ఏ పనీ చేయకుండా కూర్చోవడం నేను అంతకు ముందు చూడలేదు. నన్ను చూసి లేవబోయి, మళ్ళీ కూలబడింది.

"ఆడోళ్ళు భయపడతాండారని అందరూ అంటాండారు. వాళ్ళకంటే నాకే భయం ఎక్కువే. ఇంగొక బండి వస్తే ఏం చేయాల్నో తెలీదు, రాకపోతే ఏం చేయాల్నో తెలీదు" అంది.

మద్రాసు పోయి చదివి వచ్చిన మనిషి, మా వంశంలోకెల్లా ధైర్యం గల మనిషి అనుకున్న చిన్నమ్మ నోట ఆ మాట విన్నాక నాకు రాత్రి అన్నం సయించలేదు. దానికి తోడు ఇంటి యజమాని వచ్చి, ఉగాది దాకా చూస్తాననీ, అప్పటికీ మంచాలు ఖాళీగానే ఉంటే ఇల్లు తిరిగి ఇచ్చేయమనీ, తనకు కాయలు పోసుకోవడానికి చోటు లేదనీ చెప్పిపోయాడు. ఆయనను తప్పు పట్టడానికీ లేదు. చావు జరిగిన చోటని ఆయన ఇంట్లోవాళ్ళు కూడా పోరు పెడుతున్నారట.

అటువంటి రోజుల్లో చిన్నాయన బడి పని మీద కర్నూలుకు పోయి వచ్చాడు. రాజధాని అని పేరేగాని అక్కడ ఆఫీసులు చాలావరకు డేరాల్లోనే ఉండేవి. దుమ్ము, ఎండ, గాలికి కొట్టుకునే గుడ్డ గోడలు, వాటిలో గుమాస్తాలు, ఫైళ్ళు. అయినా కొన్ని డేరాల ముందర పొడుగ్గా మడులు తీసి, బంతి, జినియా, ఇంకా ఆయనకు పేరు తెలియని పూలను వరుసలు వరుసలుగా పెంచారట. చిన్నాయన తన పని చూసుకున్నాక ఆ మడుల దగ్గరే తిరిగి, తోటమాలితో స్నేహం చేసుకుని, విత్తనాలు కాగితపు పొట్లాలు కట్టించుకుని కోటు జేబుల నిండా వేసుకుని వచ్చాడు. ఇంట్లో అడుగుపెట్టీ పెట్టకముందే వాటిని బల్ల మీద పరిచాడు.

"ఈడ మనుషులు సావుకు భయపడి రాకపోతే, నువ్వు పూలు నాటుతావా?" అని చిన్నమ్మ విసుక్కుంది.

చిన్నాయన ఆమె మాటకు ఎదురు చెప్పే మనిషి కాడు. ఆ రోజు మాత్రం చెప్పాడు. "ఆడ గూడా దుమ్ము నేలే, గుడ్డ డేరాలే. గాని ఆ పూలు చూస్తాంటే లోపలికి పోబుద్ధి అయితాండాది. చెట్లు పెట్టి పెంచేంత యవధి మనకు ల్యాదు. మల్లెతీగ పందిరెక్కాలన్నా ఏండ్లు పడతాది. ఇవి ఒక్క కారు మొక్కలు. బిరీన పూస్తాయి, పూసి పోతాయి. ఉగాదిలోగా పూసేటివే మనకు కావాల."

చిన్నమ్మ పొట్లాలను బల్ల మీదనే వదిలి లోపలికి పోయింది. తీసి పారేయలేదంటే ఒప్పుకున్నట్టేనని మేమే అనుకున్నాం. గేటు నుంచి మెట్ల దాకా దారి వదిలి, రెండు వైపులా నాపరాళ్ళు పెళ్ళగించాం. వాటి కింద సుద్దమన్ను, గడ్డపార వేస్తే ఖంగుమనేది. ఊరి బయటి నుంచి బండితో ఎర్రమన్ను తోలించి, గొర్రె ఎరువు కలిపి మడులు కట్టాం. చిన్నాయన డ్రాయింగు కాగితం మీద బొమ్మ గీసుకున్నాడు: గోడ వెంబడి పొడుగ్గా ఎదిగే కాస్మోస్, వాటి ముందు జినియాలు, దారి పొడుగునా బంతి, నీడ పడే మూల ముద్దగోరింట, మెట్లకు అటూ ఇటూ సీతమ్మవారి జడగంటలు. ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలో కూడా రంగులు వేసి పెట్టుకున్నాడు. ఆ కాగితం మీది తోట మాత్రం ఒక్క రోజులోనే పూసేసింది.

మొదటి విత్తు చీమల పాలయింది. మిగిలి మొలిచిన కాసిని మొలకలను కార్తీకంలో పట్టిన ముసురు పడగొట్టి బురదలో కలిపేసింది. ఆ పొద్దున మడుల పక్కన నిలబడి చిన్నాయన బురదలోంచి ఒక మొలకను ఎత్తి చూశాడు. గొడుగు కూడా తెరవకుండా బడికి పోయాడు. పొట్లాల్లో సగానికి తక్కువే మిగిలాయి. వాటిని నేను కోసిన కిరసనాయిలు డబ్బాల్లో, అరుగు మీద పోశాను. చుట్టూ పసుపు చల్లి, పైన చాప కప్పి, నిద్ర లేచీ లేవగానే ముఖమైనా కడగకుండా పోయి చాప ఎత్తి చూసేదాన్ని. ఇంట్లో బాలింతను చూసుకున్నట్టు చూసుకున్నాను. ఈ విత్తు కూడా పోతే ఉగాదికి ముందు మూడో విత్తుకు వ్యవధి లేదు. పూలు పూస్తే మనుషులు వస్తారని నమ్మకం ఏమైనా ఉందా అంటే, అదీ లేదు. నమ్ముకోవడానికి మరొకటి లేదు, అంతే.

మొలకలు వచ్చాయి; నాలుగాకులు వేశాక మడుల్లో నాటాం. అప్పుడు నీళ్ళ దిగులు మొదలయింది. మా బావి నీళ్ళు ఉప్పన, ఆకుల అంచులు మాడేవి. కుళాయి నీళ్ళు ఇంటికే చాలవు. పక్కింట్లో ఒక ఖాలా ఉండేది. ఖాలా అంటే వాళ్ళలో చిన్నమ్మ అని. సందంతా ఆమెను అట్లాగే పిలిచేది. గాజుల గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి గాజులు తొడిగేది. ఊళ్ళో ఎవరికి శ్రీమంతం చేసినా ఆమె రావలసిందే. వాళ్ళ బావి నీళ్ళు తియ్యగా ఉండేవి. అడగ్గానే తోడుకోమంది. రోజూ పొద్దునా సాయంత్రమూ నేను బిందెలతో తిరుగుతుంటే, ఆమె కోడలు తలుపు చాటు నుంచి చూస్తూ ఉండేది. ఆ పిల్లకు అప్పుడు నెలలు. ఖాలా ఒకరోజు బావి గట్టు మీద కూర్చుని, "ఇంత పాటు పడతాండావు బేటీ, ఇవి పూస్తాయంటావా?" అంది. పూస్తాయి ఖాలా అన్నాను. ఆమె అడిగింది పూల సంగతి ఒక్కటే కాదని ఆమె కోడలి వైపు చూసిన చూపులో తెలిసింది.

పుష్యమాసంలో పూశాయి. మొదట ఒక జినియా, కుంకుమ రంగుది. తర్వాత ఎవరో ఆజ్ఞ ఇచ్చినట్టు అన్నీ ఒక్కసారిగా. ఆ నల్లటి నాపరాళ్ళ మధ్య ఆ పసుపు, ఎరుపు, గులాబీ, తెలుపు చూస్తే అది గోదాము అంటే ఎవరూ నమ్మేటట్టు లేదు. సందులో పోయేవాళ్ళు ఆగారు. ఈసారి తొంగిచూసి పరుగెత్తలేదు, గేటు చువ్వలు పట్టుకుని నిలబడ్డారు. ఒకామె సిగ్గుపడుతూ, తలలోకి ఒక పువ్వు ఇయ్యమ్మే అని అడిగింది. నేను కోసి ఇవ్వబోతే చిన్నమ్మ నన్ను ఆపింది. అడిగిన వాళ్ళకు కాదనవద్దనీ, కాని కోసి గేటు బయటికి అందించవద్దనీ, లోపలికి వచ్చి వాళ్ళనే కోసుకోమనాలనీ చెప్పింది. ఆ రోజే తెల్లకోటు విప్పి లోపల కొక్కేనికి తగిలించింది. మామూలు నేతచీరతో అరుగు మీద కూర్చుని, ఒళ్ళో చేట పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీసేది. పువ్వు కోసుకోవడానికి వచ్చిన వాళ్ళను తలెత్తకుండానే, ఎన్నో నెలమ్మా, కాళ్ళు వాస్తాండాయా అని అడిగేది. వాళ్ళు నిలబడి జవాబు చెప్పి, తర్వాత కూర్చుని చెప్పి, ఆ తర్వాత అత్తగారిని తోడు తెచ్చుకుని చెప్పడం మొదలుపెట్టారు.

ఇందులో చిన్నాయన బాధ ఒకటి ఉండేది. బొమ్మ గీసుకుని పెంచిన తోట కదా, సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి వరుసల్లో బోడిచోట్లు కనబడితే ప్రాణం ఉసూరుమనేది. తోట అనేది చూసుకునేందుకు అని ఆయన, కోసుకునేందుకే అని చిన్నమ్మ. ఆ గొడవ విని సందు చివర కాఫీ హోటలాయన నవ్వి, మిగిలిన నారు అడిగి తీసుకుపోయి, తన హోటలు ముందర డబ్బాల్లో బంతి పెట్టాడు. ఆయనను చూసి బట్టల దుకాణం వాళ్ళూ పెట్టారు. కొన్నాళ్ళకు సందంతా డబ్బాల్లో పూలే. బేరాలు పెరిగాయని హోటలాయన చెప్పేవాడు. నిజమో, చిన్నాయనను సంతోషపెట్టడానికో తెలియదు.

మొదట లోపలి మంచం దాకా వచ్చింది ఖాలా కోడలే. ఖాలా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పగటిపూట నడిపించుకుంటూ తెచ్చి, "మీ నీళ్ళూ మా నీళ్ళూ ఒకటే అయిపాయ డాక్టరమ్మా, ఇంగ ఈ పిల్లా మీ పిల్లే" అంది. చిన్నమ్మ చేతులు ఎన్నిసార్లు కడుక్కుందో నేను చూశాను. మగబిడ్డ, తల్లీబిడ్డా క్షేమం. ఖాలా సందంతా చక్కెర పంచింది. ఆ తర్వాత గాజుల గంపతో పాటు ఆ కబురు కూడా ఊరంతా తిరిగింది. ఉగాదికి ముందు వచ్చిన ఇంటి యజమాని, అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళను చూసి, వచ్చిన పని చెప్పకుండా మజ్జిగ తాగి పోయాడు.

అంతా కుదుటపడింది గదా అనుకుంటారు. నాకు మాత్రం దడ అప్పుడే ముదిరింది. మా అక్కకు మళ్ళీ నెలలు. బిడ్డ చైత్రం దాటాక పుట్టాలి. ఎట్లాగైనా చిన్నమ్మ దగ్గరికి తీసుకురావాలని మాఘంలో ఊరికి పోయాను. పోతూ పోతూ గంప నిండా పూలు కోసుకుని పోయాను; బస్సు వేడికి దారిలోనే తలలు వాల్చేశాయి. అమ్మ వాటి మీద నీళ్ళు చల్లి దేవుడి పటాలకు పెట్టింది. నేను చెప్పినదంతా విన్నది. తన సొంత చెల్లెలి సంగతి కదా, కోపంగా కాదు, కళ్ళనీళ్ళతోనే అంది.

"పూలు పెడితే సావు రాకుండా పోతాదా? ఆ ఇంట్లో ఒక తల్లి పోయింది. నా బిడ్డను ఆ గడప తొక్కనియ్యను."

అక్క గోడకు ఆనుకుని కూర్చుని నా ముఖం, అమ్మ ముఖం మార్చి మార్చి చూసింది. బిడ్డ నిలిస్తే ఒంటిమిట్ట రాములవారి కల్యాణానికి వస్తామని మొక్కుకున్నామనీ, నెలలు నిండకముందే పోయి రావాలనుకుంటున్నామనీ అమ్మ చెప్పింది. ఒంటిమిట్ట నుంచి తిరిగి వచ్చేటప్పుడు కడపలో దిగి, మా దగ్గర ఒక పూట భోంచేసి పొమ్మని బతిమాలి, మాట తీసుకుని వచ్చాను.

ఇంక నా ఆశంతా ఆ ఒక్క పూట మీద. అక్క వచ్చేసరికి తోట నిండుగా ఉండాలి. ఆ పూలను చూసి అమ్మ మనసు మెత్తబడాలి. కాని మీకు మన సీమ ఎండల సంగతి తెలుసు కదా. ఫాల్గుణం సగం గడిచేసరికే గాడ్పు తిరిగింది. కాస్మోస్ కాడలు చీపురుపుల్లలయ్యాయి. ముద్దగోరింట ఒక్క మధ్యాహ్నంలో కూలిపోయింది. నేను మడుల మీద గోనెపట్టాలు తడిపి కప్పాను, బిందెల మీద బిందెలు పోశాను. వాటి కారు అయిపోయిందమ్మా, వదిలెయ్యి అని చిన్నాయన మెల్లగా చెప్పినా వినలేదు. వాళ్ళు వచ్చే రోజుకు నాలుగు గిడస బంతిపూలు, ఎండి గోధుమరంగు తిరిగిన జినియా తలలు, అంతే మిగిలాయి. ఆ పొద్దున నేను గేటు దగ్గర నిలబడి, దేవుడా, వీళ్ళ బస్సు తప్పిపోతే బాగుండును అనుకున్నాను.

జట్కా వచ్చి ఆగింది. ముందు బావ దిగాడు, తర్వాత అమ్మ. అక్క దిగడానికి చాలాసేపు పట్టింది. ముఖం పాలిపోయి, పై పెదవి మీద చెమట. నన్ను చూసి నవ్వబోయి, జట్కా కమ్మీ గట్టిగా పట్టుకుంది. నొప్పులని నాకు అర్థమయింది. బస్సులోనే మొదలయ్యాయట, ఎవరికీ చెప్పకుండా పళ్ళు బిగించి కూర్చుందట. అమ్మకు కూడా అప్పుడే తెలిసింది. గాభరాగా చిన్నాయన వైపు తిరిగి, "జట్కాను పోనియ్యొద్దప్పా. బస్టాండుకు పోతాం. కమలాపురం బస్సు దొరికితే ఇల్లు చేరుకుంటాం" అంది.

అక్క జట్కా వదిలి గేటు దాటి లోపలికి వచ్చింది. వచ్చి, ఆ కాలుతున్న నాపరాయి మీద అట్లాగే చతికిలబడింది.

"నేను రానుమా. ఒకదాన్ని ఇంట్లోనే పోగొట్టుకున్నా. ఇంగ ఇంటికి రాను. ఈడ్నే ఉంటా."

"ఎనిమిదో నెలే తల్లీ, ఎనిమిదో నెల బిడ్డ..." అని అమ్మ ఆగిపోయింది. ఏడో నెల బిడ్డయినా బతుకుతుందిగాని ఎనిమిదో నెల బిడ్డ బతకదని మన పెద్దవాళ్ళు అనేవాళ్ళు. ఆ మాట పూర్తి చేయడానికి ఆమెకు నోరు రాలేదు. అప్పుడు చిన్నమ్మ మెట్లు దిగి వచ్చింది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"అక్కా, నేను నీకేం మాటియ్యలేను. గాని ఈ పిల్లను బస్సులో మాత్రం పంపియ్యను" అంది చిన్నమ్మ.

అమ్మ గేటు స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. నేనూ, అలికిడి విని పక్కింటి నుంచి వచ్చిన ఖాలా చెరొక రెక్కా పట్టుకుని అక్కను లేపాం.

ఆ పగలంతా నేను లోపలే ఉన్నాను. నీళ్ళు కాచాను, గుడ్డలు అందించాను, అక్క నా చెయ్యి పిసికేస్తుంటే పిసకనిచ్చాను. నాకు తెలిసిందల్లా చిన్నమ్మ గొంతు ఒక్కసారి కూడా పెరగలేదని, ఆమె మెడ వెనుక చెమట ధారగా కారుతోందని. చెవులు మూసుకోవడానికి చేతులు ఖాళీగా లేవు. బయట ఏం జరిగిందో చిన్నాయన తర్వాత చెప్పాడు. అమ్మ అరుగు మీద కూర్చోలేక, నిలబడలేక, ఎండలోకి పోయి మడుల దగ్గర కూలబడి, చేతికి అందిన ఎండు జినియా తలలను తుంపి నలపడం మొదలుపెట్టిందట. పువ్వు తుంచితే ప్రాణం ఉసూరుమనే చిన్నాయన, పోయి ఆమె పక్కన కూర్చుని, తన ఉత్తరీయం పరిచి, తానూ తుంచడం మొదలుపెట్టాడట. ఇద్దరూ మడి తర్వాత మడి విత్తనాలు దూశారు. బావ గేటు దగ్గర రాతి బొమ్మలా నిలబడ్డాడు.

పొద్దు వాలుతుండగా ఆడపిల్ల పుట్టింది. పుట్టింది అన్నానుగాని, ఏడవలేదు. నీలంగా, పిడికెడంత ఉంది. చిన్నమ్మ ఆ బిడ్డ నోరు తుడిచి, వీపు రుద్ది, నోట్లో నోరు పెట్టి ఊదింది. మళ్ళీ ఊదింది. అక్క, ఏమ్మే, ఏడవదేమే అని నన్ను అడుగుతోంది. నేను గోడ వైపు చూస్తున్నాను. ఎంతసేపో నాకు తెలియదు. తర్వాత పిల్లిపిల్ల కూసినట్టు సన్నగా ఒక చప్పుడు, దాని వెనుకే ఏడుపు. పైనున్న ఆ చిన్న కిటికీల గుండా అది సందులోకి పోయింది. అప్పుడే పోతున్న జట్కా ఒకటి ఆగింది. జట్కా అతను పగ్గం లాగి పట్టి, "ఏం బిడ్డప్పా?" అని బావను అడగడం లోపల నాకు వినపడింది. బావ ఏడుస్తున్నాడని ఖాలా వచ్చి చెప్పింది.

అంతటితో భయం తీరలేదు. ఆ పిల్లను దూదిలో చుట్టి, చుట్టూ వేడినీళ్ళ సీసాలు పెట్టి, చుక్క చుక్కగా పాలు పోశాం. రోజూ పొద్దున్నే దూది కదులుతోందా లేదా అని చూశాకే అందరం ఊపిరి పీల్చుకునేవాళ్ళం. ఊరికి పోయిన బావ రెండు రోజులకొకసారి వచ్చి గేటు దగ్గరే నిలబడి మా ముఖాలు చూసి, ఆ తర్వాతే లోపలికి అడుగు పెట్టేవాడు. అమ్మ మాత్రం పోనేలేదు. పగలంతా అరుగు మీద కూర్చుని, గేటు దగ్గర ఎవరైనా తటపటాయిస్తే, "లోపలికి రామ్మే, యాల భయం, నా బిడ్డ గూడా ఈడ్నే ఉండాది" అని పిలిచేది. ఎండలు ముదిరి మడుల్లో గడ్డిపోచ కూడా లేని ఆ నెలల్లోనే ఆసుపత్రి మంచాలన్నీ నిండాయి.

అక్క కాస్త కోలుకున్నాక, ఆమె వచ్చేసరికి పూలు నిలవలేదని నేను ఎంత కుమిలిపోయానో చెప్పుకున్నాను. అక్క నన్ను వింతగా చూసింది. "పూలా? యాడుండాయే? నాకా గేటు తప్ప ఏమీ కనపడల్యా" అంది. ఇద్దరం నవ్వుకున్నాం, ఆ తర్వాత ఎందుకో ఏడ్చాం. వానలు పడ్డాక, అమ్మా చిన్నాయనా ఉత్తరీయంలో కలగలిపి దూసిన విత్తనాలు చల్లితే, ఏ వరుసలో ఏ రంగు పూస్తుందో తెలియని తోట వచ్చింది. గీసుకున్న బొమ్మంతా పాడైందని చిన్నాయన సణిగాడుగాని, ఆ తర్వాత ఏ ఏడూ విత్తనాలు వేరు చేయలేదు.

చిన్నమ్మ చేతులు వణికే వయసు దాకా ఆ ఇంట్లోనే కాన్పులు చేసింది. ఎంత అనుభవం వచ్చినా, ప్రతి కాన్పుకూ ముందు ఆమె ముఖంలో ఆ చివరి మంచం నాటి భయం నాకు కనబడుతూనే ఉండేది. ఇప్పుడు ఆమె లేదు, చిన్నాయన లేడు, అమ్మా అక్కా లేరు. ఆనాటి పిడికెడు పిల్లకు మనవలు పుట్టారు. వాళ్ళను చూడటానికి పోయినప్పుడల్లా అనుకుంటాను, ఇప్పటి ఆడపిల్లలు ఎంత అదృష్టవంతులో. భయం లేకుండా కాన్పుకు ఆసుపత్రికి నడిచి పోతున్నారు, నడిచి తిరిగి వస్తున్నారు. ఇందులో నేను పెట్టవలసిన వంక ఏదీ లేదు. అయినా, చల్లటి అద్దాల తలుపుల అవతల, నంబరు కాగితం చేతిలో పెట్టుకుని ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని ఎదురుచూస్తుంటే, నాకు ఏదో వెలితిగా ఉంటుంది. లోపల బిడ్డ పుడుతుంది, ఏడుస్తుంది. ఆ ఏడుపు మాత్రం రోడ్డు దాకా రాదు. బండి ఆపి, ఏం బిడ్డప్పా అని అడిగేవాళ్ళు ఎవరూ లేరు.